తోమకూడని తల్లె

ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలు. మా ఇంటి గడప నుంచి వాగు రేవు దాకా నాలుగు వందల పన్నెండు అడుగులు. అవి తొమ్మిదేళ్లప్పటి నా అడుగులు కాబట్టి ఒక్కొక్కటి ఇరవై అంగుళాలకు మించదు. మొత్తం రెండు వందల ఇరవై తొమ్మిది గజాలు. రేవు బండ మీద బోర్లా పడుకుంటే గడ్డానికి, నీటికి మధ్య జానెడు దూరం. చేతిలో తాడు, తాడు చివర కంచు తల్లె, అంటే పళ్లెం. దాని వ్యాసం పదకొండుంపావు అంగుళాలు, బరువు ఒక కిలో నూట అరవై గ్రాములు.

ఈ చివరి రెండు అంకెలు మాత్రం పోయిన నెలలోనివి. ఇల్లు మారబోతూ అటక మీది సామాను దించుతుంటే, పాత ఇత్తడి, కంచు కొనేవాడు గుమ్మంలో కూర్చుని ఒక్కొక్కటే త్రాసులో పెడుతున్నాడు. తల్లె చేతికి రాగానే దాన్ని వెలుతురుకు పట్టి చూసి నవ్వాడు.

"అంచుకు మూడు చిల్లులున్నయేందమ్మా? దీంట్ల బువ్వ తింటే చారంతా ఒళ్లెకు కారిపోదా?"

"అది బువ్వ తినేది కాదు" అని చెప్పి త్రాసులోంచి తీసుకున్నాను. అయితే బరువు మాత్రం చదివిన తరువాతే తీసుకున్నాను. నీటినీ మట్టినీ పరీక్షించే పనిలో ముప్పై నాలుగేళ్లు గడిపినవాళ్లకు, త్రాసు మీద ఉన్న వస్తువును అంకె చూడకుండా దించడం చేతకాదు.

మా వాగు పదకొండు మైళ్లు పారి గంగలో కలిసేది. కరీంనగర్ జిల్లాలో మా వైపు వాళ్లు గోదావరిని గంగ అనే అంటారు. మా ఊరి దగ్గర వాగు ఒక మద్దిచెట్టును చుట్టి వంపు తిరిగేది. ఆ వంపులో మడుగు, చెట్టు వేళ్ల కింద తొమ్మిది మూరల లోతు. ఎండాకాలం మద్ది పూసినప్పుడు రేవంతా తేనె వాసన. దానిలో తడి ఇసుక వాసన, పొద్దున పొయ్యిల మీది పిడకల పొగ, బెస్తవాళ్ల వలల నుంచి వచ్చే పచ్చి చేప వాసన కలిసేవి. ఆ నాలుగింటి మిశ్రమాన్ని ఏ సీసాలోనైనా పట్టి ఉంచగలిగితే, నా పరికరాలన్నీ ఇచ్చి దాన్ని తీసుకునేదాన్ని.

ఆ మడుగు నీళ్లు ఇరవై ఆరు ఇళ్లవాళ్లు తాగేవారు. తాగవచ్చా లేదా అన్నది తల్లె చెప్పేది. మూడు చిల్లుల్లోంచి సన్నతాళ్లు దూర్చి, అవి కలిసే చోట చేదతాడు కట్టి, తాడుకు మూరకొక ముడి వేసి ఉంచింది మా నాయినమ్మ. రెండో ముడి నీళ్లలో మునిగినా తల్లె కంటికి ఆనుతుంటే, ఆ రోజు కుండలు నేరుగా మడుగులో ముంచేవారు. ఆనకపోతే ఒడ్డున ఇసుకలో చెలిమె తవ్వి, అందులో ఊరిన నీళ్లు చిప్పతో తోడి, కుండ లోపల చిల్లగింజ అరగదీసి, అడుగున మట్టి పేరేదాకా ఆగేవారు. ఊళ్లో ఇంకెవరి ఇంటా ఇలాంటి తల్లె లేదు. ఇది నాయినమ్మ పెళ్లినాటి ఎనిమిది తల్లెల్లో ఒకటి. ఎవరు మొదలుపెట్టారని అడిగితే "మా అత్త" అనేది. ఆమెకు ఎవరు చెప్పారంటే "వాళ్లత్త" అనేది. ఆ పైన అడిగితే మొట్టికాయ.

నాయినమ్మ మూర పదిహేడుంపావు అంగుళాలు. ఆమె మధ్యాహ్నం కునుకు తీస్తుండగా దర్జీ ఇంటి నుంచి తెచ్చిన టేపుతో మోచేతి నుంచి నడివేలి కొస దాకా కొలిచి తెలుసుకున్నాను. టేపు చల్లగా తగిలి లేచింది.

"ఏం జేస్తున్నవే? నన్ను పాడె మీద పెట్టెతందుకు కొలతలు దీస్తున్నవా?"

ఇల్లంతా నవ్వింది. అవ్వ మాత్రం నవ్వు ఆపుకుని నా చెవి మెలిపెట్టింది. మా వైపు తల్లిని అవ్వ అంటాం, తండ్రిని బాపు.

నాయినమ్మ కళ్లకు మసక కమ్మిన ఏడు తల్లె నా చేతికి వచ్చింది. అప్పగిస్తూ మూడు నియమాలు పెట్టింది. పొద్దు మద్దిచెట్టు కింది కొమ్మ మీదికి వచ్చినప్పుడే దించాలి. రేవు బండ మీదనుంచే దించాలి. తల్లెను చింతపండుతో తోమకూడదు.

"ఎందుకు తోమద్దు నాయినమ్మా? ఎంత నల్లగున్నదో జూడు."

"బండ మీద పండుకోని గన్ని మాట్లు అడగకు. నోట్లెకు జెల్లపిల్ల ఉరుకుతది."

ప్రతి ఉదయం కొలత చూసి వచ్చి గొడ్ల కొట్టం వెనుక గోడ మీద ఎర్రమట్టి జాజుతో గీత గీసేదాన్ని. అర మూరకు ఒక గీత. గోడ నిండిపోతే అవ్వ అలికేసేది, మళ్లీ మొదలు. నా జీవితంలో నేను నింపిన మొదటి రికార్డు పుస్తకం ఆవుపేడతో చెరిగిపోయేది.

కొలత అయ్యాక రేవులోనే ఆట. నా జోడీ బెస్త తాత మనుమరాలు, నా ఈడుది. ఇద్దరం మడుగుకు పైన పిక్క లోతు నీళ్లలో రాళ్లు తిరగేసేవాళ్లం. అక్కడ ఉస్కెదొంతి అనే చేప ఉండేది. ఇసుక రంగు ఒళ్లు, వేలెడు పొడవు, తలకు మించిన నోరు. ఆడది రాతి కింది వైపున గుడ్లు అంటించి పోతుంది. అవి నిలబెట్టిన నువ్వుగింజల్లా వరుసగా ఉంటాయి. మగది అక్కడే కాపలా ఉండి, తోకతో, రెక్కలతో విసురుతూ గుడ్ల మీదికి కొత్త నీళ్లు తోలుతుంది. రాయి ఎత్తితే పారిపోదు, వేలు కరుస్తుంది. ఎవరి వేలు ఎక్కువసార్లు కరిస్తే వాళ్లు గెలిచినట్టు.

"నన్ను ఏడుమాట్ల గరిచింది!"

"నీది అబద్దం. ఆరే. ఒకటి రాయి గీరింది."

పందెం తేలాక రాయి ఎలా ఉన్నది అలాగే పెట్టాలి. అది బెస్త తాత ఆజ్ఞ. ఒకసారి మేం వెల్లకిలా వదిలేసి వస్తే ఆయన మమ్మల్ని వెనక్కి నడిపించి, పదహారు రాళ్లూ సరిచేయించాడు. "మీ ఇంటి కప్పు దీసి ఎవడన్న పక్కకు వెడితె ఊకుంటరా?" అన్నాడు.

మిరుగు, అంటే మృగశిర కార్తె మొదటి రోజున ప్రతి ఇంటా చేప వండాలి. చేప తినని ఇళ్లలో ఇంగువ కలిపిన బెల్లం ఉండ మింగుతారు. మా అవ్వ పెద్ద చేపను చింతపులుసులో వేసేది గాని, మా పిల్లల కళ్లు పొయ్యి రెండో కంటి మీద ఉండేవి. అక్కడ పెనం మీద ఉప్పు, కారం, దంచిన ఎల్లిపాయ పట్టించిన ఉస్కెదొంతులు చిటచిటమనేవి. జొన్నరొట్టెలో చుట్టుకుని తల నుంచి తోక దాకా నమిలేవాళ్లం. ఆటలో వేలు కరిచినవాటిని పెనం మీద ఎలా తిన్నామని ఇప్పుడు ఎవరైనా అడిగితే, బాల్యానికి రెండు పెట్టెలుంటాయి, ఒకదాని తాళం ఇంకొకదానికి పట్టదు అంటాను.

ఆ ఏడు చలికాలంలో బాపు పొరుగువాళ్ల పత్తి బండ్ల వెంట జమ్మికుంట మార్కెట్ యార్డుకు పోయి వచ్చాడు. అక్కడ ఇళ్లంత ఎత్తు పత్తి కుప్పలు చూశాడట. వచ్చిన దగ్గరనుంచి అన్నం ముందు కూర్చున్నా ఆ మాటే. రేవు పైన వాలులో మాకు పదకొండు ఎకరాల గడ్డి కంచె ఉండేది, పశువుల మేతకు. దాన్ని దున్ని పత్తి పెడతానన్నాడు. నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "పత్తి మంచిగ పండితె వచ్చేటేడు బండి మీద నిన్ను గూడ జమ్మికుంట దీస్కపోత" అన్నాడు. నేను ఆ క్షణం నుంచి పత్తి పక్షం.

మా బాపుకు ఊళ్లో ఒక పేరుండేది: ఆయన నాగటి సాలు దారం పట్టినట్టు ఉంటుందని. ఆ పేరు నిలబెట్టుకోవడానికి ఆయన ఒక గురి పెట్టుకునేవాడు. దూరాన కనిపించే ఒక చెట్టును చూస్తూ, దానివైపే ఎడ్లను నడిపించేవాడు. కంచెలో నిలబడి చూస్తే కళ్లకు ఆనే ఒంటరి చెట్టు ఒక్కటే, మడుగు ఒడ్డు మద్ది. రోహిణి కార్తెలో ఆ మద్దిని గురి పెట్టుకుని పదకొండు ఎకరాలూ దున్ని పత్తి గింజ పెట్టాడు. రోడ్డు మీద పోయేవాళ్లు బండ్లు ఆపి చూసేవారు. బాపు నాయినమ్మను చేయి పట్టుకుని తీసుకువెళ్లి చూపించాడు.

"సాళ్లు మంచిగనే దీసినవు కొడుకా. గని అన్ని మడుగు దిక్కే మొకం పెట్టినయేందిరా?"

"సూటిగ రావాలంటె గురి ఉండాలె గదనే అవ్వా. జూడు, దువ్వెనతోని దువ్విన తీర్గ లేదా?"

"దువ్వినవు తియ్యి. వానొచ్చినంక పేన్లన్ని మడుగుల రాల్తయి."

"నల్లరేగడిల నీళ్లు నిలవడితె పత్తి కుళ్లదా? నీళ్లు జారిపోవాలనే గిట్ల దున్నిన."

"నీళ్లు ఒక్కటే జారిపోతయా కొడుకా?"

బాపు నవ్వేశాడు. ఆయన చెప్పిందీ నిజమే. పత్తి మొక్కకు నిలువ నీరు పడదు. ఆయన తప్పల్లా, ఒక ప్రశ్నకు సరైన జవాబు చెప్పి, రెండో ప్రశ్న ఉందని గమనించకపోవడం. నా ఉద్యోగంలో ఈ తప్పును ఆయనకంటే ఎంతో ఎక్కువ చదువుకున్నవాళ్లు చేయగా చూశాను. నేనూ చేశాను.

మిరుగు పండుగ తిన్న నాలుగో నాడు సాయంత్రం వాన మొదలైంది. బాపు జేబు గడియారం ప్రకారం గంటా యాభై నిమిషాలు. మేం చూరు కింద చేతులు చాచి తడుస్తూ అరిచాం. మరునాడు పొద్దున రేవుకు పోతే, మడుగు మక్క గట్కలా చిక్కబడి ఉంది. తల్లె నీటిని తాకడమే ఆలస్యం, మాయమైంది. వేళ్ల మధ్య నీటిని రుద్దితే సబ్బులా జారింది.

మొదటి వరద తరువాత నీళ్లు మురికిగా ఉండడం కొత్త కాదు. ప్రతి ఏడూ మూడో రోజుకు రెండో ముడి దగ్గర తల్లె కనిపించేది. ఆ ఏడు మూడో రోజు కొలత అర మూర. కుండలతో వచ్చిన ఆడవాళ్లు రేవులోనే నిలబడిపోయారు.

"ఏమన్నదే నీ తల్లె?" బెస్త తాత వల ఒడ్డున పడేస్తూ అడిగాడు.

"అర మూరకే కనవడ్తలేదు తాతా."

"పటేలా, నీ కంచె అంత మడుగులకే వచ్చింది" అన్నాడు ఆయన రేవుకు వచ్చిన మా బాపుతో. "వలేస్తె చాపలకన్న మన్నే బరువున్నది. గిట్లనే ఉంటె నా కుండ ఎట్ల కాగుతది? దొంతి గుడ్డు వెట్టేటి కాలం గిది."

"ఫికర్ జేయకు మామా. రెండొద్దులు ఆగితె తేర్తది."

"తేరది" అంది నాయినమ్మ, చేతికర్ర నేలకు కొట్టి.

"తేర్తదే అవ్వా!"

"తేరది. పందెమా?"

బాపు ముఖంలోకి ఉత్సాహం వచ్చింది. మా ఇంట్లో పందేలకు వయసు అడ్డం కాదు. అందరి ముందూ షరతులు కుదిరాయి. వాన పడిన నాటి నుంచి ఏడో పొద్దుకు రెండో ముడి దగ్గర తల్లె కనిపించాలి. కనిపిస్తే నాయినమ్మ ఇక ఆ చేను మాట ఎత్తదు. కనిపించకపోతే బాపు మొలకలొస్తున్న చేనును మళ్లీ వాలుకు అడ్డంగా దున్ని, నలభై అడుగులకొక గడ్డి పట్టీ వేయాలి. అంతేకాదు, మడుగు తేరేదాకా మా ఇంటికీ, బెస్త తాత ఇంటికీ ఊరవతలి చేదబావి నుంచి తాగే నీళ్లు ఆయనే కావడి మోయాలి. ఆ బావికి నా అడుగుల్లో పదకొండు వందల నలభై.

"పటేలు కావడి మోసుడా!" ఆడవాళ్లు చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"కొలిచేది ఎవరు?" అడిగాడు బెస్త తాత.

అందరూ నావైపు చూశారు. నాకు ఆ క్షణంలో కలిగిన గర్వం, తరువాత ఏ పదవి ఇచ్చినప్పుడూ కలగలేదు.

ఆ నాలుగు రోజులు నా జీవితంలో లంచాల రుచి తెలిసిన రోజులు. నాయినమ్మ బియ్యప్పిండి సర్వప్ప కాల్చి, గిన్నె అంచుకు అంటుకుని కరకరలాడే ముక్క నాకే పెట్టేది. "నేనేమి అడుగుత లేను బిడ్డా, ఉన్నదున్నట్టు జెప్పు" అనేది. బాపు సంత నుంచి పల్లిపట్టీ తెచ్చి, "నేనుగూడ ఏమి అడుగుత లేను" అనేవాడు. ఇద్దరూ ఏమీ అడగకుండానే నాకు రెండు కడుపులు కావలసి వచ్చింది. నాలుగో రోజు ముప్పావు మూర, ఐదో రోజు ఒకటి.

ఐదో రోజునే మేమిద్దరం రాళ్ల దగ్గరికి పోయాం. పై నీళ్లు కొంచెం తేరాయి గాని, అడుగున ప్రతి రాయి మీదా పాల మీది మీగడలా బంకమన్ను పేరుకుని ఉంది. రాళ్ల మధ్య సందులన్నీ పూడిపోయాయి. తొమ్మిది రాళ్లు ఎత్తాం. ఎనిమిదింటి కింద గుడ్లు తెల్లబడి బూజు పట్టాయి. వాటికి ఊపిరి మోసుకొచ్చే నీళ్లు ఆ సందుల్లోంచే రావాలని, సందులు మూసుకుంటే గుడ్డు రాతి కిందే ఉక్కిరిబిక్కిరవుతుందని, నల్లరేగడిలోని బంక రేణువు నిలకడ నీటిలో కూడా రోజుల తరబడి దిగనంత సన్నదని నాకు చాలా ఏళ్ల తరువాత తెలిసింది. ఆ రోజు చూసింది తొమ్మిదో రాయి. దాని కింద మగ దొంతి ఇంకా ఉంది. తోకతో విసురుతోంది. మన్ను లేచేది, మళ్లీ గుడ్ల మీదే వాలేది. మళ్లీ విసిరేది. నేను వేలు పెట్టాను. కరవలేదు. దానికి తీరిక లేదు.

నా జోడీ అరచేత్తో నీళ్లను విసరసాగింది. నేనూ విసిరాను. ఎంతసేపో చెప్పలేను, నా దగ్గర లెక్క లేని కొలతల్లో అదొకటి.

ఆరో రోజు కొలత ఒకటింబావు. ఇంకొక్క రోజులో ముప్పావు మూర తేరదని గోడ మీది గీతలే చెబుతున్నాయి. బాపు ఆ సాయంత్రం గొడ్ల కొట్టంలో, ఎవరూ లేరనుకుని, కావడి బద్ద భుజం మీద పెట్టుకుని అటూ ఇటూ నడిచి చూసుకుంటుంటే నేను తలుపు సందులోంచి చూశాను. తొమ్మిదేళ్ల బుర్ర ఒక తర్కం కట్టింది: తల్లె కనిపిస్తే నీళ్లు తేరినట్టు, నీళ్లు తేరితే దొంతి బతికినట్టు, బాపు గెలిచినట్టు, నేను జమ్మికుంట పోయినట్టు. నాలుగు పనులకూ అడ్డం ఒక్క నల్లటి తల్లె. వంటింట్లోంచి నిమ్మకాయంత చింతపండు, గుప్పెడు బూడిద తీసుకుని, గడ్డివాము వెనుక కూర్చుని, చేతులు మండేదాకా తోమాను. తల్లె పున్నమి చంద్రుడిలా మెరిసింది.

ఏడో పొద్దు. రేవు నిండా జనం. పొద్దు కింది కొమ్మ మీదికి రాగానే బండ మీద పడుకుని దించాను. మొదటి ముడి మునిగింది, కనిపిస్తోంది. రెండో ముడి మునిగింది. అడుగున మసక పసుపు రంగులో ఒక గుండ్రం.

"కనవడ్తుంది!" అరిచాను. బాపు వంగి చూసి రెండు చేతులూ పైకెత్తాడు. "జూడుండ్రి! నేనన్ననా లేదా!" నన్ను బండ మీదనుంచి ఎత్తి గిర్రున తిప్పాడు.

నాయినమ్మ తొందరపడలేదు. "తల్లె ఇటియ్యి" అంది. కళ్లకు మసకే గాని చేతులకు కాదు. అంచు మీద బొటనవేలు నడిపింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తరువాత నా చెయ్యి పట్టుకుని వేళ్లు వాసన చూసింది. చింతపులుపుకు వేళ్ల కొసలు ముడుతలు పడి ఉన్నాయి.

"ఓసి పిడుగా" అంది. "తల్లెను తోమినవు, సరే. వాగును ఎవ్వడు తోమాలెనే?"

రేవంతా నవ్వుల వరద. బెస్త తాత నవ్వి నవ్వి ఇసుకలో కూర్చుండిపోయాడు. నేను బాపు మెడలో ముఖం దాచుకుని ఏడ్చాను. నాయినమ్మ అవ్వను ఇంటికి పంపింది. ఎనిమిది తల్లెల్లో ఇంకొకటి గొడ్ల కొట్టంలో దాణా కొలవడానికి పడి ఉండేది. ఏళ్ల తరబడి తోమనిది. దానికి చిల్లులు లేవు గనుక బెస్త తాత వల ముక్కలో చుట్టి తాడుకు కట్టారు. మళ్లీ నేనే దించాలంది నాయినమ్మ. "వేరేటోళ్లతోని దించియ్యి" అని ఎవరో అంటే ఒప్పుకోలేదు. "తప్పు జేసింది అదే, సక్కవెట్టేదిగూడ అదే."

దించాను. మొదటి ముడి దాటి అర మూర పోయేసరికి తల్లె మాయమైంది. తాడు పట్టుకున్న చోట వేలు పెట్టి కొలిస్తే ఒకటిన్నర మూర. తోమిన తల్లెకూ తోమని తల్లెకూ తేడా అర మూర. పరికరం మారితే కొలత మారుతుందన్న పాఠాన్ని నాకు ఏ ప్రయోగశాలా అంతకన్న బాగా చెప్పలేదు.

"ఓడినవురా కొడుకా" అంది నాయినమ్మ.

"ఓడిన అవ్వా" అన్నాడు బాపు. నా కళ్లు తుడుస్తూ నాతో మెల్లగా, "గంత గనం ఎట్ల తోమినవే? మీ అవ్వగూడ గిట్ల తోమది" అన్నాడు. ఏడుస్తూనే నవ్వాను.

మరునాటి నుంచి మా ఊరికి పండుగ. పొద్దున్నే బాపు కావడి భుజాన వేసుకుని బావికి బయలుదేరితే, అరుగుల మీద జనం చోటు చూసుకుని కూర్చునేవారు.

"పటేలా, జర మా కుండగూడ నింపరాదు?"

"నింపుత గని, నువ్వు ముందుగాల్ల నా ఎడ్లకు నీళ్లు వెట్టు వదినా!"

"అన్నా, కావడి వంకరున్నది. మద్దిచెట్టును గురి పెట్టుకోని నడువు!"

ఆ మాటకు బాపు కూడా కావడి దించి నవ్వవలసి వచ్చింది. పగలంతా కంచెలో పని. మొలకల మధ్య అడ్డంగా నాగలి పోతుంటే బాపు పళ్లు బిగబట్టేవాడు. వాలు మొదట్లో మిగిలిన గడ్డిని వేళ్లతో సహా గడ్డలుగా పెకిలించి, నలభై అడుగులకొక వరుసగా నాటాం. మేం పిల్లలం గడ్డలు తలల మీద మోశాం. తడి మట్టి మెడ మీదుగా కారి వీపంతా గిలిగింతలు. మధ్యాహ్నం గట్టున మక్క గట్క, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ. బెస్త తాత కూడా పిలవకుండానే వచ్చి గడ్డలు నాటాడు. "నా మడుగు పని నేను జేసుకుంటున్న పటేలా, నీ చేను పని గాదు" అన్నాడు. ఆయన మనుమరాలు, నేను రెండు పట్టీల మధ్య అడుగులు కొలిచి "ముప్పై ఎనిమిది! ఇంకో రెండు జరుపుండ్రి!" అని పెద్దవాళ్ల మీద పెత్తనం చేశాం.

పెద్ద పుష్యాల కార్తె వానకు అసలు పరీక్ష. వాన వెలిశాక అందరం వాలు మీదికి పరుగెత్తాం. ప్రతి గడ్డి పట్టీ వెనుక నాలుగేసి వేళ్ల మందాన మన్ను ఆగి ఉంది. బాపు మోకాళ్ల మీద కూర్చుని, ఆ మన్నులో చెయ్యి పెట్టి, చాలాసేపు తీయలేదు. "గిదంత నా చేనే" అన్నాడు, ఎవరితోనో కాదు. నాలుగో పొద్దుకు తల్లె రెండో ముడి దగ్గర కనిపించింది. ఈసారి తోమిన తల్లె మళ్లీ నల్లబడేదాకా ఆగలేక దాణా తల్లెతోనే కొలిచాం. కావడి కొట్టం దూలానికి ఎక్కింది. నాయినమ్మ ఆ రోజు సర్వప్ప అంచు ముక్క నాకు కాదు, బాపుకు పెట్టింది.

పత్తి మూడో వంతు తగ్గింది. అయినా బాపు జమ్మికుంటకు నన్ను బండి మీద తీసుకువెళ్లాడు. పత్తి బోరాల మీద వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తూ పోయాను. యార్డులో బాపు అందరికీ గడ్డి పట్టీల సంగతి తానే కనిపెట్టినట్టు చెబుతుంటే, నేను నోరు మూసుకుని ఐదు జిలేబీలు తిన్నాను. మరుసటి మిరుగుకు పెనం మీద దొంతులు చిటచిటలాడాయి. అంతకు ముందు వారం, రాళ్ల కింద, దొంతులు నా వేలిని తొమ్మిదిసార్లు కరిచాయి. అది నా రికార్డు. బెస్త తాత మనుమరాలు ఇప్పటికీ ఎనిమిదే అంటుంది.

అయితే మా కంచె పదకొండు ఎకరాలే. వాగు పదకొండు మైళ్లు. నేను చదువుకు వెళ్లిన ఏళ్లలో పైన ఒక్కొక్క వాలూ తెగింది, ఒక్కొక్క గుట్టా చేనయింది. ఎవరి సాలు వాళ్లకు సూటిగా ఉండాలి. ఎవరికి కనిపించిన చెట్టును వాళ్లు గురి పెట్టుకున్నారు. ఆ చెట్లన్నీ వాగు ఒడ్డునే ఉన్నాయి. వాళ్లలో చెడ్డవాడు ఒక్కడూ లేడు. వాళ్లందరితో పందెం కాయడానికి నాయినమ్మలు సరిపోలేదు.

పాత సామాన్లవాడి త్రాసులోంచి తీసుకున్న తల్లెతో పోయిన వారం ఊరికి వెళ్లాను. ఈ ఏళ్లలో అది తోమిన మెరుపంతా పోగొట్టుకుని మళ్లీ నల్లగా, నమ్మదగినదిగా అయింది. నా జోడీ రేవుకు తోడు వచ్చింది. ఇద్దరికీ మోకాళ్లు సహకరించవు. ఏడు గంటల నలభై నిమిషాలకు, పొద్దును నిలిపి చూపే మద్ది కొమ్మ లేదు కనుక చేతి గడియారం చూసి, తల్లె దించాను. మొదటి ముడి దాటి కొంచెం పోగానే తాడు వదులైంది. తల్లె అడుగున కూర్చుంది. అంచుల దాకా స్పష్టంగా కనిపిస్తోంది.

"కనవడ్తుందే!" అంది నా జోడీ, ఆ నాటి నా గొంతుతో.

కనిపించక ఏమవుతుంది. తోమినందుకు కాదు, తేరినందుకు కాదు. దిగడానికి లోతు లేక.

తీసుకున్న లెక్క ఇది. మడుగు లోతు అప్పుడు తొమ్మిది మూరలు, ఇప్పుడు ఒకటింబావు. పూడినది ఏడు మూరల ముప్పావు. మద్దిచెట్టు ఒకటి, లేదు. మడుగు నీళ్లు తాగిన ఇళ్లు ఇరవై ఆరు, ఇప్పుడు ఒకటీ లేదు. బాపు పోగొట్టుకున్న పత్తి మూడో వంతు, ఒక్క ఏడాది. ఆయన కావడి మోసిన రోజులు ముప్పై ఒకటి. ఆ శ్రమకు మడుగు అదనంగా బతికిన ఏళ్లు, గోడ మీది గీతలు చెరిగిపోయాయి గనుక, మా ఇద్దరి జ్ఞాపకం ప్రకారం పద్నాలుగు. మన్ను కింద నుంచి చేతులతో తవ్వి తీసి తిరగేసిన రాళ్లు పదహారు. గుడ్లు ఉన్నవి, సున్నా. వేలు కరిచినవి, సున్నా. రాళ్లన్నీ ఎలా ఉన్నవి అలాగే పెట్టి వచ్చాం.